‘ఇప్పుడు కొనకండి’ అన్నందుకు ఎవరిస్తారు?

అండర్‌రైటర్: ముందే ఒక మాట అక్కా. నీ నిజాయితీ మీద నాకేం అనుమానం లేదు. కమిషన్ ఊసెత్తగానే లోన్ ఆఫీసర్లందరూ తమ మీద నింద వేశారనుకుంటారు, అందుకని చెప్తున్నా. నేనడిగేది మనిషి గురించి కాదు, డబ్బు వచ్చే దారి గురించి. డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొందామనుకునే తెలుగువాళ్లు మొట్టమొదట ఫోన్ చేసేది నీలాంటి వాళ్లకే. లోన్ క్లోజయితే నీకు డబ్బు. కాకపోతే నెలంతా చేసిన చాకిరీకి ఒక్క డాలర్ రాదు. అలాంటప్పుడు ‘ఇప్పుడు కొనకండి’ అన్న మాట నీ నోట్లోంచి ఎలా వస్తుంది?

లోన్ ఆఫీసర్: వస్తుంది. నాకు అన్నం పెట్టేది ఆ ఒక్క లోన్ కాదు కాబట్టి వస్తుంది. మనవాళ్లలో ఒకరి ఇల్లు సాఫీగా కుదిరితే వాళ్ల ఆఫీసులో ముగ్గురు, గుళ్లో కలిసినవాళ్లు ఇంకొందరు నా నంబరు అడుగుతారు. ఒకణ్ణి ముంచితే ఆ దారులన్నీ ఒకేసారి మూసుకుపోతాయి. టీవీలో ప్రకటనలిచ్చే పెద్ద కంపెనీకి ఒక కస్టమర్ పోతే లెక్క కాదు. నాకు పరువు పోతే కూడు పోతుంది. జీతం మీద ఉన్నవాడికి ఆ భయం ఎక్కడిది?

అండర్‌రైటర్: పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇదే అంటాడు, మంచి సంబంధాలు చూస్తేనే నాలుగిళ్లవాళ్లు పిలుస్తారని. పిలుస్తారు, నిజమే. కానీ ‘మీ అమ్మాయికి అప్పుడే పెళ్లేంటి, చదువుకోనివ్వండి’ అన్న పేరయ్యను ఎక్కడైనా చూశావా? చెడ్డ సంబంధం తప్పించడం వేరు, అసలు సంబంధమే వద్దనడం వేరు. నీ పరువు మొదటిదానికి కాపలా కాస్తుంది. రెండోదానికి కాయదు. రెండేళ్లు ఆగి కొనుంటే బావుండేదని ఎవరైనా బాధపడితే, ఆ బాధలో లోన్ ఆఫీసర్ పేరు ఎవరికీ గుర్తుకు రాదు.

లోన్ ఆఫీసర్: ఆ రెండో పని నాదని ఎవరన్నారు? నా దగ్గరికి వచ్చేసరికి కొనాలన్నది ఇంట్లో తేలిపోయి ఉంటుంది. పాప ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్లాలి, ఫ్రిస్కో స్కూలే కావాలి, అద్దె ఏటా పెరుగుతోంది. ఇవన్నీ మాట్లాడుకుని, అత్తమామలతో కూడా మాట్లాడి, అప్పుడు వస్తారు. నన్నడిగేది ‘మాకు ఎంత వస్తుంది’ అని మాత్రమే.

అండర్‌రైటర్: ఆ ‘ఎంత’లోనే ఉంది అంతా. మన లోన్లు కొనే ఫ్యానీ మే సాఫ్ట్‌వేర్ నెలవారీ అప్పుల కిస్తులు జీతంలో 50 శాతం దాకా పోవచ్చంటుంది. అదీ పన్నులు పోకముందు జీతంలో. అంటే చేతికొచ్చే డబ్బులో సగం కంటే చాలా ఎక్కువ. దానికి ‘అప్రూవ్’ అని వస్తే నేను కాగితాలు సరిచూసి సంతకం పెడతాను. అది బతకగలిగే మొత్తమా కాదా అని సాఫ్ట్‌వేర్ అడగదు, నేనూ అడగను. అడగగలిగేది నువ్వే. కానీ 4 లక్షల డాలర్ల ఇంటి దగ్గర ఆపితే నీకు వచ్చేది ఒకటి, 6 లక్షల దాకా పోనిస్తే వచ్చేది ఇంకొకటి.

లోన్ ఆఫీసర్: మా పని ఎంత మారిందో నీకు తెలిసే ఇలా మాట్లాడుతున్నావు. 2008కి ముందు లైసెన్సు, పరీక్ష అన్న నియమం లేకుండానే చాలా రాష్ట్రాల్లో ఎవడు పడితే వాడు ఈ పని చేశాడు. ఆ ఏడాది సేఫ్ చట్టం వచ్చాక మాకు 20 గంటల చదువు, 75 శాతం వస్తేనే పాసయ్యే పరీక్ష, ఏటా మళ్లీ 8 గంటల చదువు. వేలిముద్రలిచ్చాం, మా క్రెడిట్ రిపోర్టులు ఇచ్చాం. లైసెన్సుల జాబితాలో నా ఎన్‌ఎంఎల్‌ఎస్ నంబరు కొడితే నేను ఎక్కడెక్కడ పనిచేశానో, నా మీద చర్యలేమైనా ఉన్నాయో ఎవరైనా చూసుకోవచ్చు. అసలు విషం తీసింది ఆ తర్వాతి మార్పు. అంతకుముందు 5 శాతం వడ్డీకి తగినవాణ్ణి 6 శాతంలో కూర్చోబెడితే, ఆ తేడాలో వాటా బ్రోకర్‌కి దక్కేది. 2010 డాడ్-ఫ్రాంక్ చట్టం, 2011 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధన దాన్ని కొట్టేశాయి. ఇప్పుడు వడ్డీ 5 అయినా 7 అయినా, ఫిక్స్‌డ్ అయినా వడ్డీ మారే ఏఆర్‌ఎం అయినా నాకొచ్చేది ఒకటే. లోన్ మొత్తం మీద ముందే రాసుకున్న శాతం, అంతే.

అండర్‌రైటర్: ఆ విషం ఎంతమందికి తగిలాక తీశారో కూడా చెప్పు మరి. 2011 డిసెంబర్‌లో లోన్ల కంపెనీ కంట్రీవైడ్ మీద కేసు 33 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ అయింది. నల్లజాతివాళ్లు, హిస్పానిక్‌లు, రెండు లక్షల మందికి పైగా. అదే క్రెడిట్ ఉన్న తెల్లవాళ్ల కంటే వాళ్ల దగ్గర ఎక్కువ ఫీజులు, ఎక్కువ వడ్డీ తీసుకున్నారని న్యాయ శాఖ అభియోగం. ఎవరూ ఒకచోట కూర్చుని ఇలా చేద్దామని తీర్మానం చేయనక్కర్లేదు. ధర పెంచే చనువు లోన్ ఆఫీసర్లకు, బ్రోకర్లకు ఇచ్చి, పెంచితే లాభం ఉండేలా చేశారు. మిగతాదంతా ఆ పద్ధతే చూసుకుంది. అందుకే నేను మనిషిని కాదు, దారిని చూడమంటాను.

లోన్ ఆఫీసర్: అది మా వృత్తికి పట్టిన మచ్చ, కాదనను. కానీ ఆ తలుపు మూసేసినందువల్ల ఇప్పుడు ఏం జరుగుతోందో కూడా చూడు. మనవాళ్లు రాత్రిపూట వాట్సాప్‌లో ఇంకో కంపెనీ ఇచ్చిన లోన్ ఎస్టిమేట్ ఫొటో పెడతారు. ‘అక్కా, వీళ్లు 900 తక్కువ చెప్పారు, మీ కమిషన్‌లో కొంచెం సర్దండి’ అని. బంగారం కొట్టు దగ్గర తరుగు తగ్గించమన్నంత మామూలుగా అడుగుతారు. నేను తగ్గించకూడదు! తగ్గించుకునే స్వేచ్ఛ ఉంటే పెంచుకునే స్వేచ్ఛా వస్తుందని, ఒక్కో లోన్‌కి ఒక్కో కమిషన్ పెట్టకూడదని నిబంధన. నా జేబులోంచి చెక్ రాసిచ్చినా తప్పే. కంపెనీ తన మార్జిన్ తగ్గించుకోవచ్చు, నా వాటా మాత్రం కదలదు. గట్టిగా బేరమాడే తెలుగాయనకీ, నోరు తెరిచి అడగలేని ముసలావిడకీ నేను పడే ఖరీదు ఒకటే. నీకు కావలసిన న్యాయం ఇదే కదా?

అండర్‌రైటర్: ఆ మేరకు ఒప్పుకుంటాను. వడ్డీ దగ్గర నీ స్వార్థాన్ని చట్టం కోసేసింది. రెండు చోట్ల వదిలేసింది. ఒకటి లోన్ సైజు. లెక్క తేలిగ్గా ఉండటానికి నీ వాటా 1 శాతం అనుకుందాం. 7 లక్షల లోన్‌కి 7,000. 1,20,000 లోన్‌కి 1,200. పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అప్రైజల్, టైటిల్, అన్నీ రెండింటికీ ఒకటే. నిజానికి చిన్న లోన్‌లోనే పని ఎక్కువ. ఆ లోన్ అడిగేవాడికి రెండు ఉద్యోగాలుంటాయి, క్రెడిట్‌లో పాత ఆసుపత్రి బిల్లు ఒకటి ఉంటుంది. ఎవరి ఫోన్ ముందు ఎత్తుతావు?

లోన్ ఆఫీసర్: దీనికి నా దగ్గర జవాబు లేదు. మా వృత్తిలో అన్నిటికంటే నొప్పి పుట్టించేది ఇదే. నేను ఎత్తుతాను, కానీ నేను ఎత్తుతానన్నది నీకు సమాధానం కాదని తెలుసు. పక్క సీట్లో ఉన్నవాడు ఎత్తడు. అతను చెడ్డవాడు కాదు, ఇద్దరు పిల్లలున్నవాడు, ఆ నెలకి రెండే ఫైళ్లు ఉన్నవాడు. సరే, రెండోదేంటి?

అండర్‌రైటర్: రెండోది మొదట్లోనే చెప్పాను. క్లోజయితేనే డబ్బు.

లోన్ ఆఫీసర్: దాని గురించి నేను మాట్లాడతాను, విను. ఒక ఫైల్ చెప్తా. కుర్రాడు హెచ్-1బి. డౌన్ పేమెంట్‌కి కొంత తక్కువైంది. తెనాలి దగ్గర నాన్నగారు 40 సెంట్లు అమ్మి 25 లక్షల రూపాయలు పంపిస్తానన్నారు. గిఫ్ట్ లెటర్ రాయించడం ఒక్కటే అయితే పది నిమిషాల పని. ఆ ఫైల్ చూసిన అండర్‌రైటర్, నీలాంటివాడే, నాన్నగారి ఖాతాలోకి అంత డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపమన్నాడు. సేల్ డీడ్ తెలుగులో ఉంది, దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్పించాలి. స్టేట్‌మెంట్లో ఇంటిపేరు ఒక చోట ముందు, ఇంకో చోట వెనక. ఆ ఇద్దరూ ఒకరేనని ఇంకో కాగితం. ఇక్కడ రాత్రి పదకొండున్నరైతే అక్కడ పది, బ్యాంకు తెరుస్తారు. నాన్నగారు కౌంటర్ దగ్గర నిలబడి నాకు ఫోన్ చేస్తే, ఏ2 ఫారంలో ఏ గడి నింపాలో మేనేజర్‌ని అడిగించాను. ఇంతలో ఇంకోటి బయటపడింది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటి బయటికి పంపితే ఆ పైదానిమీద 20 శాతం టీసీఎస్ ముందే పట్టుకుంటారు. 15 లక్షల మీద 3 లక్షలు. రిటర్న్ వేసుకున్నాక సర్దుబాటవుతుంది, కానీ ఇక్కడ డబ్బు కావలసింది ఇరవై రోజుల్లో. వాళ్ల ఆడిటర్‌తో మాట్లాడమని, అమ్మగారి పేరున ఉన్న సొంత డిపాజిట్‌లోంచి ఆవిడ విడిగా పంపగలరేమో అడగమని చెప్పాను. డబ్బు డాలర్లయి ఇక్కడి ఖాతాలో పడి, స్టేట్‌మెంట్ మీద కనపడేదాకా నాకు నిద్ర లేదు. జీతం మీద ఉన్న ఏ ఆఫీసర్ ఇదంతా చేస్తాడు? ఐదింటికి లాప్‌టాప్ మూసేస్తాడు. తప్పు కాదు, అతని పని వేళలు అవి.

అండర్‌రైటర్: ఆ లోన్ ఏమైంది?

లోన్ ఆఫీసర్: క్లోజింగ్‌కి వారం ముందు మళ్లీ ఉద్యోగం ఉందో లేదో కనుక్కుంటారు కదా. లేదు. లేఆఫ్. నాకు వచ్చింది సున్నా.

అండర్‌రైటర్: నీకు కష్టంగా ఉంటుంది గానీ ఇక్కడే నా మాట వినాలి. అదే లేఆఫ్ క్లోజింగ్ అయిన వారానికి వచ్చుంటే? నీకు పూర్తి కమిషన్. అతనికి కొత్త ఇల్లు, 30 ఏళ్ల లోన్, వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల గడువు. నాన్నగారి పొలం ఆ ఇంటి గోడల్లోకి వెళ్లిపోయి ఉండేది. అతనికి మంచి జరిగిన నాడు నీకు సున్నా, చెడు జరిగిన నాడు నీకు నిండు కూలి. ఆ రెంటికీ మధ్య తేడా పద్నాలుగు రోజులు. ఇలాంటి కమిషన్‌కీ అతని క్షేమానికీ ఏ ముడీ లేదని ఇంతకంటే ఏం చూపించను?

లోన్ ఆఫీసర్: నీ జీతానికి ఉందా ఆ ముడి?

అండర్‌రైటర్: లేదు.

లోన్ ఆఫీసర్: సంతకం పెట్టేది నువ్వే. అతను నిలబడినా కూలిపోయినా పదిహేను రోజులకోసారి నీ డబ్బు నీ ఖాతాలో పడుతుంది. నువ్వు దాన్ని నిష్పక్షపాతం అంటావు. అవతలివాడికి అది పట్టనితనంలా కనిపిస్తుంది. ‘ఇంకో రెండు కాగితాలు కావాలి’ అని సిస్టంలో రాసి నువ్వు ఇంటికి వెళ్తావు. ఆ రెండు కాగితాల కోసం ఏడుస్తున్న మనిషి ఫోన్ చేసేది నాకు. పైగా జీతం మనిషిని శుద్ధి చేస్తుందనుకుంటే 2016లో వెల్స్ ఫార్గోలో ఏం జరిగింది? బ్రాంచి కౌంటర్ల వెనక కూర్చున్న జీతగాళ్లు టార్గెట్ల భయంతో కస్టమర్లకు తెలియకుండా లక్షల ఖాతాలు తెరిచారు. 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా పడింది. అమ్మమని ఒత్తిడి పెట్టేవాడు పైన ఉంటే, కింద ఉన్నవాడికి నెల జీతమా కమిషనా అన్నది ఆ ఒత్తిడిని ఆపదు. కనీసం నా ఒత్తిడి అందరికీ తెలుసు. నేను కమిషన్ మీద బతుకుతానని నా దగ్గరికి వచ్చే ప్రతి మనిషికీ తెలుసు.

అండర్‌రైటర్: జీతమొక్కటే మందు అని నేననలేదు. టార్గెట్ పెట్టిన జీతం కమిషన్‌కి ఇంకో పేరు, అంతే. కానీ ‘అందరికీ తెలుసు’ అన్నావు చూడు, అది నాకు గుచ్చుకుంది. తెలియదు అక్కా. మనవాళ్లు నిన్ను అమ్మేమనిషిగా చూడరు, సలహా చెప్పే అక్కగా చూస్తారు. అమెరికా కార్మిక శాఖ 2010లోనే తేల్చింది, సాధారణంగా లోన్ ఆఫీసర్ చేసే ముఖ్యమైన పని అమ్మకమేనని. ఆ గొడవ 2015లో సుప్రీంకోర్టు దాకా వెళ్లినా కార్మిక శాఖ మాటే నిలిచింది.

లోన్ ఆఫీసర్: ఆ మాట మా మేలు కోరి అన్నది. ఆఫీసులో కూర్చుని వారానికి అరవై గంటలు పనిచేసే లోన్ ఆఫీసర్‌కి కనీస వేతనం, ఓవర్‌టైమ్ ఎగ్గొట్టకూడదని. అయినా ఆ కనీస వేతనం చాలాచోట్ల ‘డ్రా’ పేరుతో ముందు ఇచ్చి, తర్వాత కమిషన్‌లో కోసుకుంటారు. అమ్మకం అన్నందుకు నేను సిగ్గుపడను. మందుల షాపువాడు కూడా అమ్ముతాడు, ఈ రెండూ కలిపి వేసుకోకండి అని కూడా చెప్తాడు.

అండర్‌రైటర్: అతను మందు వద్దంటే ఆ రోజు అద్దె ఆగిపోదు. నీకు ఆగిపోతుంది. వడ్డీలు పెరిగినప్పుడు ఏమైందో చూడు. 2021 జనవరిలో ఫ్రెడ్డీ మ్యాక్ లెక్కగట్టే వారపు సగటు వడ్డీ 2.65 శాతం. 2023 అక్టోబర్‌లో 7.79. అదే 4 లక్షల లోన్‌కి నెల కిస్తు, పన్నులు ఇన్సూరెన్స్ కాక, 1,612 నుంచి 2,877 అయింది. రీఫైనాన్స్ అన్నమాటే పోయింది. నీతో పనిచేసినవాళ్లు ఎంతమంది ఈ పని మానేసి వెళ్లారో నువ్వే చెప్పావు. ఆ రోజుల్లో ఈ రంగమంతా ఒకటే పాట: ‘ఇప్పుడు కొనేయండి, వడ్డీ తగ్గాక రీఫైనాన్స్ చేసుకోవచ్చు.’ ఎప్పుడు తగ్గుతుందో, ఎంత తగ్గుతుందో ఎవరికి తెలుసు? తగ్గేనాటికి ఆ మనిషికి ఉద్యోగం ఉంటుందని ఎవరు పూచీ? అది ఆకలితో ఉన్నవాళ్లు చెప్పిన మాట అక్కా. వాళ్లది దురుద్దేశం కాదు, ఆకలి. జీతం పడుతున్నవాడు అంత ధీమాగా ఆ మాట అనడు.

లోన్ ఆఫీసర్: ఆ పాట నాకూ నచ్చలేదు. నచ్చలేదని మీటింగుల్లో చెప్పినందుకు నన్ను చూసినవాళ్ల చూపులు కూడా గుర్తున్నాయి. అది వట్టి ధీమా. తప్పయితే చెప్పినవాడికి పోయేదేమీ లేదు. ఇది నీకు వదిలేస్తున్నా. కానీ ఆ రోజుల్లో మేం ఎలా బతికామో కూడా చూడు. నా సొంత ఇంటికి లోన్ అడగబోతే నీలాంటి అండర్‌రైటర్ నా రెండేళ్ల కమిషన్ తీసి, తగ్గుతోందని చూసి, తక్కువ ఉన్న ఏడాదే లెక్కకట్టాడు. 2021 లెక్కలోకే రాలేదు. వందల మందికి ఇళ్లిప్పించిన మనిషి ఆదాయం నమ్మదగ్గది కాదని మా మాన్యువలే అంటుంది.

అండర్‌రైటర్: నేనైనా అలాగే కట్టేవాణ్ణి. అది సరైన లెక్కే. మనిషి బతుకు అంత ఊగిసలాడకూడదనే నా బాధ కూడా.

లోన్ ఆఫీసర్: ఆ ఊగిసలాటకు నేను ఒప్పుకునే వచ్చాను. ఎందుకంటే దానిలోనే ఒక న్యాయం కూడా ఉంది. నన్ను పలకరించే పదిమందిలో లోన్ దాకా వచ్చేది ఏ ముగ్గురో. మిగతా ఏడుగురికి క్రెడిట్ ఎలా బాగుచేసుకోవాలో చెప్తా. ప్రాస్పర్‌లోనో సెలీనాలోనో కొత్త ఇల్లు కొనేవాళ్లకు, మొదటి ఏడాది పన్ను ఖాళీ స్థలం విలువ మీదే వస్తుందని, రెండో ఏడాది ఇంటితో కలిపి వేసేసరికి పన్నులు, ఇన్సూరెన్స్ కోసం నెలనెలా కట్టే ఎస్క్రో వందల డాలర్లు పెరుగుతుందని కాగితం మీద వేసి చూపిస్తా. వాళ్ల దగ్గర పైసా తీసుకోను. ఆ ముగ్గురే ఈ ఏడుగురినీ మోస్తారు. జేబులో ఏమీ లేనివాడు కూడా నాకు ఫోన్ చేసి గంట మాట్లాడగలుగుతున్నాడంటే, కమిషన్ పద్ధతి వల్లే.

అండర్‌రైటర్: అంటే ఆ ముగ్గురూ తెలియకుండా ఏడుగురి ఖర్చు కడుతున్నారు. ఎవరూ వాళ్లని అడగలేదు. వాళ్ల లోన్ ఎస్టిమేట్‌లో ‘ఇతరుల సలహా నిమిత్తం’ అన్న గడి లేదు. అది వడ్డీలో కలిసిపోయి ముప్పై ఏళ్లు వాళ్ల వెంట నడుస్తుంది. మనసున్న పద్ధతే కావచ్చు, దాపరికం లేని పద్ధతి మాత్రం కాదు. నెదర్లాండ్స్‌లో 2013 జనవరి 1 నుంచి ఇంటి లోన్ల మీద బ్యాంకులు సలహాదారుకు కమిషన్ ఇవ్వకూడదన్నారు. సలహాకు కస్టమరే ఫీజు కడతాడు. కొన్నా, కొనకపోయినా. ‘వద్దు’ అన్నా ఆ మాటకు కూలి ముడుతుంది. నాకు కావలసింది అది.

లోన్ ఆఫీసర్: ఫీజు ముందే కట్టమంటే నా ఏడుగురిలో ఎంతమంది మిగులుతారు? ఆస్ట్రేలియాలో 2019లో హేన్ విచారణ కమిషన్ ఇదే చెప్పింది, బ్రోకర్‌కి డబ్బు బ్యాంకు కాదు, అప్పు తీసుకునేవాడే ఇవ్వాలని. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కస్టమర్ చేత డబ్బు కట్టిస్తే జనం బ్రోకర్ల దగ్గరికి పోరని, పెద్ద బ్యాంకులే బాగుపడతాయని వాదన. చివరికి ఏం చేశారు? 2021 జనవరి నుంచి కస్టమర్ మేలుకే కట్టుబడాలని చట్టంలో రాసి కమిషన్ ఉంచేశారు. ఆ కట్టుబాటు నామీద పెట్టు, రేపే సంతకం చేస్తా. రెండూ కలిపి పెట్టుకుందామంటే ఇక్కడ దారి లేదు. ఒక లోన్ మీద నేను కస్టమర్ దగ్గర ఫీజు తీసుకుంటే ఇంకెవరి దగ్గరా తీసుకోకూడదు. సలహాకు 200 డాలర్లు తీసుకుని, తర్వాత అదే మనిషి లోన్ నా చేతిమీద అయితే చిక్కుల్లో పడతాను. ‘వద్దు’కి ధర కట్టాలనుకున్నా చట్టమే అడ్డం.

అండర్‌రైటర్: అయితే సలహా చెప్పేవాడు వేరు, లోన్ చేసేవాడు వేరు అయిపోవాలి. అమెరికా గృహనిర్మాణ శాఖ హెచ్‌యూడీ గుర్తింపు ఉన్న హౌసింగ్ కౌన్సెలర్లు ప్రతి రాష్ట్రంలో ఉన్నారు. ఉచితంగానో, కొద్దిపాటి ఫీజుకో చెప్తారు. లోన్ క్లోజయితే వాళ్లకొచ్చేదేమీ లేదు.

లోన్ ఆఫీసర్: నువ్వు ఇల్లు కొన్నప్పుడు వెళ్లావా వాళ్ల దగ్గరికి?

అండర్‌రైటర్: లేదు. నీ దగ్గరికే వచ్చాను. నువ్వు 50 వేలు తక్కువ ఇల్లు చూడమన్నావు, విన్నాను. నేను నీ తమ్ముణ్ణి కాబట్టి అన్నావు. ఫోన్లో గొంతు మాత్రమే తెలిసినవాడికి, నెలాఖరులో, ఒక్క ఫైల్ కూడా క్లోజవని నెలలో అదే మాట అంటావా?

లోన్ ఆఫీసర్: మొన్న మార్చిలో అన్నాను. హెచ్-1బి వాళ్లకు ప్రభుత్వ బీమా ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు 2025 మే 25 నుంచి ఆగిపోయాయి కదా. అప్పుడొచ్చిన ఒక హెచ్-1బి జంటకు మిగిలింది ఆ బీమా లేని కన్వెన్షనల్. క్రెడిట్ అంతంతమాత్రం, డౌన్ పేమెంట్ 5 శాతం, భార్యది హెచ్-4 మీద వచ్చిన పని పర్మిట్. ఇద్దరి జీతాలూ కలిస్తేనే లెక్క కుదిరేది. సాఫ్ట్‌వేర్ ‘అప్రూవ్’ అంది. ఆవిడ పర్మిట్ రెన్యూవల్ చేతికొచ్చేదాకా ఆగండని నేనన్నాను. ఇంకో కంపెనీకి వెళ్లి ఏప్రిల్‌లో కొనుక్కున్నారు. ఇప్పుడు చెప్పు, నా ‘వద్దు’ ఎవరిని కాపాడింది?

అండర్‌రైటర్: నిన్నూ కాపాడలేదు, వాళ్లనీ కాపాడలేదు. ఎదురుగా ఇంకో కమిషన్ మనిషి ఉన్నంతకాలం నీ ఒక్కదాని ‘వద్దు’ ఇలాగే పోతుంది. అందుకే మంచివాళ్ల మీద వదిలేయకుండా పద్ధతి మార్చమంటున్నా.

లోన్ ఆఫీసర్: పద్ధతంతా మారేదాకా నేను చేయగలిగింది ఒకటుంది. శాతంతో పాటు ప్రతి లోన్‌కి ఇంత అని కనీస కమిషన్ పెట్టుకోవడానికి నిబంధన ఒప్పుకుంటుంది. పైన గరిష్ఠం కూడా పెట్టొచ్చు. కనీసం 2,500, గరిష్ఠం 5,000 అనుకో. ఆరు లక్షల లోన్‌కీ ఏడు లక్షల లోన్‌కీ నాకు తేడా ఉండదు, పెద్దదాని వైపు తోసే పని తప్పుతుంది. 1,20,000 లోన్‌వాడి ఫోన్ పక్క సీటువాడు కూడా ఎత్తుతాడు. మా కంపెనీని ఇదే అడుగుతున్నాను. నాకొచ్చేది తగ్గుతుందని తెలిసే అడుగుతున్నాను.

అండర్‌రైటర్: గరిష్ఠం నాకు నచ్చింది, దానికి అడ్డు చెప్పను. కనీసం దగ్గర ఆగుతాను. 1,20,000 మీద 2,500 అంటే 2 శాతం దాటింది. కంపెనీ దాన్ని తన జేబులోంచి పెట్టుకోదు, ఆ చిన్న లోన్ వడ్డీలోనే వేస్తుంది. ఆ భారం మళ్లీ ఆ బీదవాడి మీదే పడుతుంది.

లోన్ ఆఫీసర్: పడుతుంది. ఇప్పుడైతే అతనికి తక్కువ వడ్డీ కాగితం మీద ఉంది, ఆ వడ్డీకి లోన్ చేసిపెట్టే మనిషి లేడు. పెద్ద లోన్ల వాళ్ల దగ్గర కొంచెం ఎక్కువ తీసుకుని ఇతనికి సర్దుదామంటే, ఇందాక నువ్వే దాపరికం అన్నావు.

అండర్‌రైటర్: అన్నాను. ఇప్పుడూ అంటాను. గడి పెట్టి, అంకె రాసి, వాళ్లకు చూపించి తీసుకోమను.

లోన్ ఆఫీసర్: చూపిస్తే వాళ్లు పక్క కంపెనీకి పోతారు తమ్ముడూ, 900 డాలర్లకే పోతున్నారు.